పెద్ద కారు కొనుటకు ముందు

ఈ నెల మేము వ్రాయబూనినది వంటయింటి విషయము కాదు, నోముల విషయమును కాదు, కారు విషయము. స్త్రీల పత్రికకు కారుతో నేమి పని యని కొందఱు నవ్వవచ్చును. నవ్వువారు హైదరాబాదునకు పడమట మాదాపూరు మొదలుకొని కొండాపూరు, గచ్చిబౌలి, నానక్‌రాంగూడల మీదుగా కోకాపేట వఱకు నొక్క సాయంకాలము పోయి చూచినచో వారికే తెలియగలదు. 1998 నవంబరు 22వ తేదీన నాటి ప్రధాని అటల్ బిహారీ వాజపేయిగారు సైబర్ టవర్స్ భవనమును ప్రారంభించిరి. నాటినుండి నేటివఱకు నచ్చటి బండల మధ్య నొక క్రొత్త పట్టణమే లేచినది. ఆ పట్టణములో భార్యాభర్త లిరువురును సంపాదించు సంసారములు వేలకు వేలు. వారిలో ననేకులు నడివయసు రాకమునుపే ఫ్లాటు కొందురు. బిడ్డలను మంచి బడిలో చేర్తురు. ఆ పిదప మనసు పెద్ద కారుమీదికి పోవును.

పెద్ద కారనగా పరిమాణమును బట్టి చెప్పుట లేదు. మెర్సిడెస్ బెంజ్, బీఎండబ్ల్యూ, ఆడి, లెక్సస్ వంటి పేరు గలిగి, డిక్కీ వెనుకకు వేఱుగా చాచియుండు నాలుగు తలుపుల సెడానును గూర్చి మా మాట. ఇట్టి కారు ఇంటికి మొదటిసారి వచ్చునపుడు జరుగు తంతు తఱచుగా నొక్కటియే. భర్తగారు ఇంజను బలమును విచారింతురు. పిల్లలు అద్దపు కప్పు కావలె నందురు. ఇల్లాలిని కడపట పిలిచి, సీట్ల రంగులు చూపి, ఒక కాగితముమీద సంతకము చేయు మందురు. మే మీ వ్యాసమును వ్రాయుట ఆ సంతకము కొఱకే.

మొదట ధర. షోరూములో గొప్పగా చెప్పునది ఎక్స్ షోరూం ధర. అది 50 లక్షలనుకొందము. 2025 సెప్టెంబరు 22 నుండి ఇట్టి కార్లమీద జీఎస్‌టీ నూటికి 40. కావున నా 50 లక్షలలో వాహనము వెల 35 లక్షల 70 వేలకు కొంచె మెక్కువ. తక్కిన 14 లక్షల పైచిలుకు పన్ను. దానిపైని తెలంగాణ ప్రభుత్వమువారి లైఫ్ ట్యాక్సు. 2022లోనే 20 లక్షలు దాటిన కారుకు నూటికి 18 వంతున నుండెను; 2025లో ఖరీదైన కార్లకు మఱికొంత పెంచిరి. ఇంచుమించు 10 లక్షలని మనసులో వేసికొనుడు. ఇన్సూరెన్సు వేఱు. 10 లక్షలు దాటిన కారుకు నూటికి 1 వంతున టీసీఎస్ అని వసూలు చేయుదురు. ఇది మాత్రము పోయిన సొమ్ము కాదు, ఎవరి పేర కారు కొందురో వారి ఇన్‌కం ట్యాక్సులో సరిపెట్టుకొనవచ్చును. పెక్కుమంది ఆ మాట మఱచి విడిచిపెట్టుదురు. మొత్తముమీద 50 లక్షల కారు వాకిట నిలుచుసరికి 62 లక్షల దాకా పోవును. అందులో రమారమి 24 లక్షలు పన్నులే. మఱునాడు మీరా కారును అమ్మబోయినచో ఆ పన్నులను తిరిగి యిచ్చువాడు లేడు.

హ్యాండ్లింగు ఛార్జీలని, ముఖ్యమైన ఉపకరణముల కట్టయని చీటీలో కొన్ని పంక్తులు చేర్తురు. ఒక్కొక్క పంక్తికి నిది యేల యని అడుగుడు. అడిగినపుడు కొట్టివేయబడు పంక్తులు రెండు మూడైన నుండును. కూరగాయల బండివద్ద రూపాయికి వాదించు మనము అచ్చట వేలకు మౌనము వహించుట చల్లని గదియొక్క, ఇత్తురు కాఫీయొక్క మహిమ కాబోలు.

ఇక ఋణము. 50 లక్షలు నూటికి 9 వడ్డీతో ఏడేండ్లకు తీసికొనినచో నెలకు 80,445 రూపాయలు కట్టవలెను. వడ్డీయే 17 లక్షల 57 వేలగును. అయిదేండ్లకైనచో నెలకు 1,03,792 రూపాయలు; వడ్డీ 12 లక్షల 27 వేలు. నెల కంతు తక్కువగా కనబడుటకై ఏడేండ్లు వ్రాయించుకొనుట వాడుక. అందులోని చిక్కు మూడవ సంవత్సరము తీరునప్పటికి తెలియును. అప్పటికి 36 కంతులు కట్టినను ఇంకను 32 లక్షల 32 వేలు బాకీ యుండును. ఇన్సూరెన్సువారి పట్టికనుబట్టి మూడేండ్లు దాటిన కారు విలువ నూటికి 40 తగ్గించి లెక్కింతురు. అనగా 50 లక్షల కారు 30 లక్షలు. ఆ సంవత్సరమున దొంగలెత్తుకొని పోయినను, తిరిగి బాగుపడనట్లు విఱిగినను, ఇన్సూరెన్సు సొమ్మంతయు బ్యాంకునకు పోసినను ఇంకను రెండు లక్షలకు పైగా బాకీ నిలుచును. కారు లేదు, కంతు మాత్రము కలదు. ఇట్టి లెక్కను షోరూములో నెవ్వరును చెప్పరు. చెప్పవలసిన యగత్యము వారికి లేదు. అడుగవలసిన యగత్యము మనకు కలదు.

ఉద్యోగముల స్థితిని గూర్చి కూడ రెండు మాటలు. 2023 జనవరిలో అమెజాను సంస్థవారు 18 వేలకు పైగా, మైక్రోసాఫ్టువారు 10 వేల ఉద్యోగములు తగ్గింతుమని ప్రకటించిరి. 2025 జూలైలో మన దేశపు టీసీఎస్ వారు 12 వేలకు పైగా తగ్గింతుమనిరి. ఇవి లోకమంతటికిని కలిపిన లెక్కలు. అయినను ఈ మూడు సంస్థలకును హైదరాబాదులో పెద్ద కార్యస్థానములు కలవు. కోటి రూపాయల జీతమైనను ఒక్క ఉత్తరముతో నిలుచునది. కావున మా యభిప్రాయము: కారు కంతు, పెట్రోలు, ఇన్సూరెన్సు, సర్వీసు, డ్రైవరు జీతము ఇవి యన్నియు ఒకరి జీతములోనుండియే నడువవలెను; రెండవవారి జీతముతో ఫ్లాటు కంతు, బడి ఫీజులు, తిండి, పెద్దల మందులు సాగవలెను. ఎవరి జీతము నిలిచినను ఒక యాఱు నెలలు గడచునంత సొమ్ము చేతిలో నుండవలెను. ఈ లెక్క కుదరనిచో మఱి రెండేండ్లు తాళినంతమాత్రమున మర్యాద పోదు.

మొదటి విడత సొమ్మునకై నగలు కుదువపెట్టుట కూడ కలదు. శూద్రకుని మృచ్ఛకటికములో చారుదత్తుని కుమారుడు రోహసేనుడు పొరుగింటి బిడ్డ బంగారు బండితో నాడుకొని, తనకు మట్టిబండి దొరకినదని యేడ్చును. వసంతసేన తన నగలు తీసి ఆ మట్టిబండిలో నింపి బంగారు బండి చేయించుకొమ్మనును. చదువునపుడు ముచ్చటగానే యుండును. ఆ నగలే తరువాత న్యాయసభలో చారుదత్తునికి విరోధమైన సాక్ష్యమగును. పొరుగింటి బండిని చూచి మనయింట నేడ్చువాడు బిడ్డయా, పెద్దవాడా యని కూడ విచారించుకొన దగును.

ఇపుడు పేరు సంగతి. తెలంగాణములో నొకరి పేర ఇదివఱకే కారున్నచో రెండవ కారుకు లైఫ్ ట్యాక్సు నూటికి 2 వంతున హెచ్చు. 50 లక్షల కారుకు లక్ష రూపాయలు. అందుచేత పాత కారు భర్త పేర నున్నచో క్రొత్తదానిని భార్య పేర వ్రాయింతురు. ఇందు తప్పు లేదు, మంచిదే. కాని ఆ పేరుతోపాటు వచ్చునవి తెలిసి యుండవలెను. సిగ్నలు దాటిన చలాను ఇల్లాలి పేర వచ్చును. ఋణపత్రములో నామె సంతకము చేసినచో కంతులకు నామె బాధ్యురాలు. ప్రమాదము జరిగినచో నష్టపరిహారపు దావాలో యజమాని ఒక పక్షము. లైసెన్సు లేనివారికి కారిచ్చినట్లు తేలినచో ఇన్సూరెన్సువారు తాము చెల్లించినదానిని యజమానినుండి రాబట్టుకొనవచ్చును. యజమాని స్వయముగా నడుపునపుడు వర్తించు 15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా యొకటి కలదు. యజమానికి లైసెన్సే లేనిచో అది యామెకు వర్తింపదు. కారు తనపేర నున్న ప్రతి సోదరియు లైసెన్సు సంపాదింపవలెనని మేము నొక్కి చెప్పుచున్నాము. నడుపక పోయినను సరియే, నడుప గలిగి యుండవలెను.

పదునేడేండ్ల కుమారుడు కాలనీలోపల ఒక్కసారి త్రిప్పి తెత్తునన్నచో ఒప్పుకొనకుడు. 2019లో సవరించిన మోటారు వాహనముల చట్టమునుబట్టి మైనరు వాహనము నడిపి నేరము చేసినచో తలిదండ్రులకుగాని యజమానికిగాని మూడేండ్ల వఱకు కారాగారము, 25,000 రూపాయల జుల్మానా. వాహనపు రిజిస్ట్రేషను 12 నెలలు రద్దు. పిల్లవానికి 25 ఏండ్లు వచ్చువఱకు లైసెన్సు రాదు. ఎవరి పేర కారున్నదో వారిని చట్టము వెదకికొని వచ్చును. అబ్బాయి ముద్దు చెల్లించుట వేఱు, అతని పాతికేండ్ల వఱకును దారి మూయుట వేఱు. రిజిస్ట్రేషను నాడే నామినీ పేరు వ్రాయించు వసతి 2021 నుండి కలదు, దానిని విడువకుడు.

కారును చూచుట యెట్లు? మా పినతల్లి కూతురు కొండాపూరులో కాపురమున్నది. ఆమె పెద్ద కారు కొనదలచినపుడు మేమును వెంట పోయితిమి. షోరూము కుఱ్ఱవాడు మా మఱదిగారిని “సార్, సార్” అనుచు ఇంజనును గూర్చి చెప్పుచుండగా, మా చెల్లెలు తన యత్తగారిని వెనుక సీటులో కూర్చుండ బెట్టినది. పట్టుచీర, మోకాళ్ల నొప్పులు. ఆమె కూర్చుండి, లేవబోయి, తలుపు పట్టుకొని, “అమ్మాయీ, దిగుడుబావిలోకి దిగినట్లున్నదే!” అన్నది. కుఱ్ఱవాడు నవ్వెను, మా చెల్లెలు నవ్వలేదు. సెడాను సీటు నేలకు దగ్గఱగా నుండును. పడుచువారికి హాయి, పెద్దలకు ప్రతిసారియు బస్కీ తీసినట్లే. పెద్దలున్న యింట వారిని మూడుసార్లు ఎక్కించి దింపక యే కారును నిశ్చయింపరాదు. వెనుక సీటు నడుమ నేలమీద నొక గట్టు ఎత్తుగా నుండును. వెనుక చక్రములకు బలము నందించు కార్లలో నిది తప్పదు. ముగ్గురు కూర్చుండు సీటని వ్రాసినను నడిమివారి కాళ్లకు చోటుండదు. చంటిబిడ్డల సీటు బిగించు ఐసోఫిక్స్ కొక్కెములు ఎన్ని, ఎచ్చట ఉన్నవో చేయి పెట్టి చూడుడు. తెల్లని తోలు సీట్లు చూపుకు బాగుండును. పసుపు, కుంకుమ, పిల్లల పచ్చడి మెతుకులు పడు నింట ముదురు రంగే మేలు. వైశాఖమాసపు టెండలో అద్దపు కప్పు ఎంత హాయి యిచ్చునో మేము చెప్పనక్కఱలేదు.

టెస్ట్ డ్రైవ్ అనునది నున్నని రోడ్డుమీద చేయింతురు. మా చెల్లెలు దానిని మా యింటి సెల్లారుకు తెండని పట్టుపట్టినది. రెండు కార్లు వచ్చినవి. మా మఱదిగారు మెచ్చినది పొడుగు కారు. ఈ దినములలో వెనుకవారి కాళ్లకు చోటుండుటకై ముందు వెనుక చక్రముల మధ్య దూరమును పెంచి అమ్ము సెడాన్లు కలవు. బెంజివారి ఈ క్లాస్, బీఎండబ్ల్యూవారి 5 సిరీస్ మన దేశమున నట్లే వచ్చుచున్నవి. వానిలో నీ దూరము 3 మీటర్లు దాటును. చక్రముల మధ్య దూరము పెరిగినకొలది నడుము క్రిందికి ఆనుట యెక్కువ. సెల్లారు వాలు మొదలగుచోట ఆ కారు పొట్ట నేలకు రాచుకొని కీచుమన్నది. అందులో నలుగురమే యుంటిమి, డిక్కీ ఖాళీ. తిరుపతి ప్రయాణపు సామానుతో నెట్లుండునో యూహించుకొనవచ్చును. పొట్టి కారు తాకకుండ దిగినది. దానినే తీసికొనిరి. మా మఱదిగారు రెండు దినములు ముభావముగా నుండిరి.

స్పీడు బ్రేకర్ల సంగతి యిట్టిదే. ఇండియన్ రోడ్స్ కాంగ్రెసువారి నియమమునుబట్టి ఎత్తు 10 సెంటీమీటర్లును, వెడల్పు 3.7 మీటర్లును ఉండవలెను. అట్టిదానిపై నే కారైనను మెల్లగా సాగిపోవును. మన గల్లీలలో వేయునవి ఎత్తు హెచ్చు, వెడల్పు జానెడు. మీరు దినదినము పోవు దారిలో నవి యెన్ని కలవో లెక్కించుకొనిన పిదపనే సెడానా, ఎత్తు కారా యని నిర్ణయించుట మేలు.

టైరుమీది అంకెలను చదువుట నేర్చుకొనుడు. 225/45 ఆర్ 18 అని యున్నచో వెడల్పు 225 మిల్లీమీటర్లు, ప్రక్కగోడ ఎత్తు అందులో నూటికి 45 వంతు, అనగా 101 మిల్లీమీటర్లు. చక్రము 18 అంగుళములు. 205/65 ఆర్ 16 అన్నచో ప్రక్కగోడ 133 మిల్లీమీటర్లు. గోడ పలుచనైనకొలది చూపునకు సొగసు. గుంటలో పడినపుడు టైరు చీలును, చక్రపు టంచు వంగును. ఒకే కారును చిన్న చక్రములతో నిచ్చుచున్నచో అదియే తీసికొనుడు. కొన్ని కార్లకు స్టెప్నీయే యుండదు. రన్‌ఫ్లాట్ అను టైర్లు వేసి, గాలి పోయినను 80 కిలోమీటర్ల వేగము మించక మఱి 80 కిలోమీటర్లు పోవచ్చు నందురు. నగరములో మంచిదే. శ్రీశైలము అడవిలో రాత్రివేళ 80 కిలోమీటర్లు ఎంత దూరము తెచ్చునో ముందే చూచుకొనవలెను.

ఆంధ్రభారతములో అరణ్యపర్వమున నలుడు బాహుకుడై ఋతుపర్ణునికి గుఱ్ఱములను ఎన్నుకొను ఘట్టము చదివినవారికి తెలియును. బక్కచిక్కినవానిని తెచ్చెనని రాజు శంకించును. బాహుకుడు సుడులు చూచి తెచ్చితి ననును. ఆ గుఱ్ఱములే ఒక్క పగటిలో విదర్భకు చేర్చినవి. కారు సుడులు కొనుటకు ముందే చూడదగినవి: ముందు బ్రేకు పళ్లెములు, ఒక టైరు, ముందద్దము, ఒక్క లైటు, ఒక తాళపుచెవి వీని వెలలను సర్వీసు సెంటరులో కాగితముమీద వ్రాయించుకొనుడు. ఈ కార్ల ముందులైటు ఒక్కటే లక్ష దాటునవి కలవు. ఇచ్చట విడిభాగములు కూర్చిన కారైనచో సామాను దొరకుట సులభము. బెంజి పూణె వద్ద చాకణులోను, బీఎండబ్ల్యూ చెన్నపట్నము వద్దను కూర్చుచున్నారు. విదేశమునుండి పూర్తిగా దిగుమతియైనదానికి సుంకమును ఎక్కువ, భాగములకై వేచియుండుటయు ఎక్కువ. నగరములో నా సంస్థకు రెండవ సర్వీసు సెంటరు కలదా యనియు విచారింపుడు.

వానల సంగతికి వత్తము. 2020 అక్టోబరు 13వ తేదీ రాత్రి హైదరాబాదులో కురిసిన వాన నెవ్వరును మఱువలేదు. వీధులలో కార్లు కొట్టుకొని పోయినవి, సెల్లారులు చెఱువులైనవి. సెల్లారులో కారు మునిగినపుడు చేయదగని పని యొక్కటి: ఇంజను స్టార్టు చేయుట. ఇంజనులోనికి నీరు పోయి, స్టార్టు చేయుటవలన లోపలి కడ్డీలు వంగినచో, అది వరద నష్టము కాదు, తరువాతి నష్టమని సాధారణపు పాలసీలో త్రోసివేయుదురు. ఇంజను రక్షణ యను చేర్పును వేఱుగా తీసికొనవలెను. జీరో డెప్రిసియేషను లేనిచో ప్లాస్టిక్కు, రబ్బరు భాగముల వెలలో సగము మనమే భరింపవలెను; నేటి కార్ల బంపర్లన్నియు ప్లాస్టిక్కే. దొంగతనమునకును పూర్తి నష్టమునకును కొన్న ధరయే యిచ్చు రిటర్న్ టు ఇన్వాయిస్ అను చేర్పు మొదటి మూడేండ్లకైన నుండదగును. మీద చెప్పిన బాకీ చిక్కు దానివలన చాలవఱకు తీరును. ఇన్సూరెన్సు షోరూమువారివద్దనే తీసికొనవలెనను నిర్బంధము లేదు.

పెద్ద కారులో నున్నాము గదా యను ధీమా మిక్కిలి ప్రమాదకరము. 2022 సెప్టెంబరు 4న పారిశ్రామికవేత్త సైరస్ మిస్త్రీగారు పాల్ఘర్ వద్ద ఖరీదైన కారులోనే ప్రాణములు కోల్పోయిరి; వెనుక సీటులో బెల్టు పెట్టుకొనలేదని పోలీసువారు తెలిపిరి. మన స్త్రీలు చీర నలుగునని, బిడ్డ ఒడిలో నున్నదని, వెనుక బెల్టును మడిచి సీటుక్రింద దోపుదురు. చీర ఇస్త్రీ చేయించుకొనవచ్చును. బిడ్డకు వేఱు సీటు. అవుటర్ రింగు రోడ్డు 158 కిలోమీటర్లు. 2023 నుండి దానిపై 120 కిలోమీటర్ల వేగము వఱకు అనుమతి. ఇట్టి కార్లలో నా వేగము చెవికి వినబడదు, ఒంటికి తెలియదు. అంకె చూచినగాని నమ్మకము కలుగదు. 2019 నవంబరు 23న గచ్చిబౌలి బయోడైవర్సిటీ ఫ్లైఓవరుమీద వేగముగా వచ్చిన కారొకటి క్రిందికి పడి, రోడ్డు ప్రక్కన నిలిచియున్న యొక స్త్రీ మరణించెను. ఆమె యే కారును ఎక్కలేదు. కారు బలమును గూర్చి గంటసేపు మాటాడు మగవారితో ఈ యొక్క సంగతిని గూర్చియు మాటాడవలెను.

విద్యుత్తుతో నడుచు సెడాన్లును వచ్చినవి. వీనిపై జీఎస్‌టీ నూటికి 5 మాత్రమే. తెలంగాణములో 2024 నవంబరు 18 నుండి 2026 డిసెంబరు 31 వఱకు లైఫ్ ట్యాక్సు, రిజిస్ట్రేషను ఫీజు పూర్తిగా మినహాయించిరి. 50 లక్షల కారుమీద నిది పది లక్షల మాట. అయితే సెల్లారులో మీ నిలుపుచోటికి మీటరుతో తీగ వేసికొనుటకు అపార్టుమెంటు సంఘమువారి వ్రాతపూర్వకమైన యనుమతి చేతికి వచ్చిన తరువాతనే అడ్వాన్సు కట్టుడు.

కంపెనీ లీజును గూర్చి కొందఱు గొప్పగా చెప్పుదురు. ఇన్‌కం ట్యాక్సులో కొంత కలిసివచ్చుట నిజమే. కారు మాత్రము లీజువారిది; ఉద్యోగము విడిచిన నాడు మిగిలిన సొమ్ము కట్టి తీసికొనుటయో, జుల్మానాతో తిరిగి యిచ్చుటయో తప్పదు. ఆ షరతు ఏ పుటలో నున్నదో చదువక సంతకము చేయరాదు.

మూడేండ్లు వాడిన కారును కొనుట మా దృష్టిలో మొదటిసారి కొనువారికి మంచి మార్గము. పన్నులు, మొదటి తరుగుదల ఇంకొకరు భరించియుందురు. కాని వరదలో మునిగిన కారును కనిపెట్టవలెను. ఇది ఆడువారి పనియే. తలుపులు మూసి అయిదు నిమిషములు కూర్చుండుడు. తడిసిన గోనెసంచి వాసనను ఎంత అత్తరైనను కప్పజాలదు. తివాసి ఎత్తి, సీటు పట్టాల మూలలు, స్టెప్నీ గుంట వ్రేలితో తడవుడు. సన్నని ఒండ్రు, త్రుప్పు చిక్కినచో లేచి వచ్చుడు. రిజిస్ట్రేషను పత్రములో బ్యాంకు హైపోథికేషను కొట్టివేయబడినదా, సర్వీసు చీటీలలో కిలోమీటర్లు క్రమముగా పెరిగినవా, ఇరువది వంతుల ఇథనాలు కలిసిన పెట్రోలుకు ఆ ఇంజను తగునా యని చూడుడు. ఢిల్లీనుండి చౌకగా వచ్చినదన్నచో ఇచ్చట మఱల కట్టవలసిన లైఫ్ ట్యాక్సును ధరకు కలుపుడు. చౌకదనము చాలవఱకు కరగిపోవును.

అమీర్‌పేట నుండి హైటెక్ సిటీకి 2019 మార్చి 20 నుండి, రాయదుర్గమునకు అదే సంవత్సరము నవంబరు 29 నుండి మెట్రో నడుచుచున్నది. దినమును ఆఫీసుకు దానిలో పోయి, పెద్ద కారును ఊరిప్రయాణములకు, పెద్దలను ఆసుపత్రికి తీసికొనిపోవుటకు ఉంచుకొను సంసారములను మే మెఱుగుదుము. వారి కారు తొమ్మిదవ యేట కూడ క్రొత్తదివలె నున్నది.

తుదకు కారు ఇంటికి తెచ్చుకొను దినము. జూబ్లీహిల్సు పెద్దమ్మతల్లి గుడివద్ద పూజకు ముహూర్తము పెట్టుకొందురు. నిమ్మకాయలు, గుమ్మడికాయ సిద్ధము. అంతకు పూర్వమే, రిజిస్ట్రేషను కాకమునుపే, షోరూము యార్డులో పగటి వెలుతురున కారు చూడవలెను; రిజిస్ట్రేషనైన పిదప మార్చి యిమ్మనుట కష్టము. తయారైన నెలను వ్రాయించుకొనుడు. వాననీటి చుక్కలు ఎండిన మఱకలు, రెండు తలుపుల రంగులో తేడా, ఒకసారి విప్పి బిగించిన మరలు చూడుడు. టైరు ప్రక్కను నాలుగంకె లుండును: 2325 అన్నచో 2025వ సంవత్సరము 23వ వారమున చేసినది. నాలుగు టైర్లకును ఇంచుమించు ఒకే యంకె యుండవలెను. రెండు తాళపుచెవులను అక్కడనే చేతికి తీసికొని, రెండింటితోను తలుపు తెఱచి చూచి, రెండవదానిని బీరువాలో నగలపెట్టె ప్రక్కను ఉంచుడు.